స్కోరు రాయని ఆట

మా అమ్మాయి వయసు పిల్లలు ఆడే సాకర్‌లో ఎవరు గెలిచారో ఎక్కడా రాయరు. పిల్లలు సరదాగా ఆడుకోవాలి, గెలుపోటముల బరువు అప్పుడే ఎందుకు అన్నది ఇక్కడి పద్ధతి. గోల్ పడితే చప్పట్లు కొట్టవచ్చు. అవతలి జట్టు వేసినా కొట్టాలి. చివర్లో రిఫరీగా వచ్చిన హైస్కూలు పిల్ల విజిల్ ఊది, అందరూ బాగా ఆడారంటుంది. అంతటితో సరి. పాయింట్ల పట్టిక లేదు, మొదటి స్థానం లేదు, ఆఖరి స్థానం లేదు.

పిల్లలు మాత్రం లెక్క మర్చిపోరు. కారెక్కి సీటు బెల్టు పెట్టుకునేలోపే వెనకనుంచి వినిపిస్తుంది.

“ఫోర్ త్రీ, నాన్నా. వి వన్.”

“మీకు స్కోర్ లేదు కదనే బిడ్డా?” అన్నాడు మా ఆయన.

“దేర్ ఈజ్. దే జస్ట్ డోంట్ రైట్ ఇట్.”

ఎనిమిదేళ్ల పిల్ల.

నాకైతే ఆ పద్ధతి చాలా నచ్చింది. గుంటూరులో నేను ఇంటర్ చదివిన కాలేజీలో ప్రతి సోమవారం ర్యాంకులు నోటీసుబోర్డుకి అతికించేవారు. వాటిని బట్టే సెక్షన్లు మారేవి. నిన్నటిదాకా పక్కన కూర్చుని నా పెన్ను వాడుకున్న పిల్ల పెట్టె సర్దుకుని వేరే సెక్షన్‌కి, వేరే హాస్టల్ గదికి వెళ్ళిపోయేది. మళ్ళీ మెస్సులో ఎదురుపడితే ఎవరు ముందు నవ్వాలో తెలిసేది కాదు. ఇప్పటికీ ఎక్కడైనా గోడకి కాగితం అతికించి ఉంటే, అందులో ఏముందో చూడకుండా పక్కనుంచి వెళ్ళిపోతాను. నా కూతురికి అలాంటిది వీలైనంత ఆలస్యంగా రావాలనుకున్నాను. పిల్ల పుట్టినప్పటినుంచీ నేను దేనికో ఒకదానికి భయపడుతూనే ఉంటాను. శనివారం పొద్దున్న ఆ గ్రౌండ్ పక్కన మడతకుర్చీలో కూర్చున్న గంట మాత్రం, ఎవరూ ఎవరినీ కొలవడం లేదన్న ధైర్యంతో కాస్త ఊపిరి పీల్చుకునేదాన్ని.

మేముండేది నగరం అంచున ఉన్న పాయింట్ కుక్‌లో, కొత్త ఇళ్ల వైపు. మా క్లబ్బులో ఆ వయసు ఆడపిల్లలకి రెండు జట్లున్నాయి, నీలం చొక్కాలవాళ్ళు, పసుపు చొక్కాలవాళ్ళు. ఆట బాగా వచ్చినవాళ్ళు ఇటు, రానివాళ్ళు అటు అనేం లేదు. ముందు పేరిచ్చినవాళ్ళతో నీలం నిండిపోయింది. సముద్రం వైపు పాత ఇళ్లలో ఉండేవాళ్ళకి క్లబ్బు సంగతులన్నీ ముందే తెలుసు. మాలాంటి వాళ్ళం ఆఖరి వారంలో, ఎవరో స్కూలు గేటు దగ్గర చెబితే పరిగెత్తుకెళ్ళి చేర్పించాం. పసుపు జట్టు అలా తయారైంది. కానీ దూరంగా నిలబడి చూస్తే ఒక పక్క రాగిరంగు జుట్లు, ఒక పక్క నల్లజడలు. ఎవరూ అనుకుని చేయలేదని తెలిసినా, కొన్ని పొద్దులు నా కంటికి కూడా అది మరోలా కనిపించేది.

సీజనంతా నీలం జట్టుకి దగ్గర్లోని చిన్న క్లబ్బులతో ఆటలు పడ్డాయి. వాళ్ళు ఒక్కటీ ఓడిపోలేదని స్కూల్లో పిల్లలు చెప్పుకున్నారు. మా వాళ్ళకి దూరం ఊళ్ల పెద్ద క్లబ్బులు పడ్డాయి. కొన్ని ఓడారు, ఓడిన ప్రతిసారీ గట్టి పోటీ ఇచ్చి ఓడారు. మా అమ్మాయి మధ్యలో ఆడేది. వేగం తక్కువే. కానీ బంతి తన దగ్గరికి రాకముందే తలతిప్పి చుట్టూ చూసేది. వచ్చాక ఎక్కడికి పంపాలో అప్పటికే తేల్చుకుని ఉండేది. నాకు ఆటలో ఓనమాలు కూడా తెలియవు. అయినా వారం వారం చూసి చూసి ఆ తలతిప్పడం గుర్తుపట్టడం నేర్చుకున్నాను.

సీజన్ ముగిసే వేళకి ఒక కబురొచ్చింది. ఊరికి అవతల ఒకరోజు పెద్ద పోటీ పెడుతున్నారు. ఒక్కో క్లబ్బు నుంచి ఒకే జట్టు. అక్కడ స్కోరు రాస్తారు, గెలిచినవాళ్ళకి కప్పు ఇస్తారు. పసుపు పిల్లలందరూ ఆ కప్పు గురించే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మా అమ్మాయి తన బూట్లు తనే తుడుచుకుంది. అంతకుముందెప్పుడూ తుడుచుకోలేదు.

మరి ఎవరిని పంపాలి? పట్టికే లేనప్పుడు ఎవరు ముందో ఎలా తెలుస్తుంది? చిన్నపిల్లల జట్ల వ్యవహారాలన్నీ చూసుకునే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. వెడల్పు అంచు టోపీ, చేతిలో ఎప్పుడూ టీ ఫ్లాస్కు. ఆయన మనవరాలు నీలం జట్టులో ఆడుతుంది. అందుకని తన అభిప్రాయం లెక్కలోకి తీసుకోనని ఆయన ముందే అందరికీ చెప్పేశాడు. రెండు జట్ల తల్లిదండ్రులకీ తనే ఫోన్ చేసి, మీ పిల్లలు ఎలా ఆడుతున్నారు, పెద్ద పోటీకి సిద్ధంగా ఉన్నారా అని అడుగుతానన్నాడు. అంతకన్నా న్యాయమైన పద్ధతి నాకూ తోచలేదు.

నాకు ఫోన్ వచ్చినప్పుడు ఇండియన్ షాపులో కరివేపాకు ఏరుకుంటున్నాను.

“హౌ ఆర్ యువర్ గర్ల్స్ గోయింగ్?” అన్నాడు.

“దే ఆర్ ఓకే. స్టిల్ లర్నింగ్,” అన్నాను.

మీ అమ్మాయి మిడిల్‌లో బాగా ఆడుతోందనిపిస్తోంది, నిజమేనా అన్నాడు.

“ఓ, షి ట్రైస్. సమ్‌టైమ్స్ గుడ్, సమ్‌టైమ్స్ నో. ది అదర్ టీమ్ ఈజ్ వెరీ గుడ్.”

ఫోన్ పెట్టేశాక ఎంతో మర్యాదగా మాట్లాడాననిపించింది. మా ఇంట్లో మాట్లాడే తీరే అది. నాకు ఎంసెట్ ర్యాంకు వచ్చిన రోజు పక్కింటావిడ అడిగితే మా అమ్మ, “ఏదో వచ్చిందిలెండి, దాని అదృష్టం,” అంది. లోపలికొచ్చి తలుపేసి, ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని నా చుట్టూ తిప్పింది. కన్నబిడ్డని కన్నతల్లే పొగిడితే దిష్టి తగులుతుందని ఆమె నమ్మకం. పక్కింటావిడకి కూడా ఆ సంగతి తెలుసు. ‘ఏదో వచ్చింది’ అంటే మంచి ర్యాంకే వచ్చిందని ఆవిడకి అర్థమైపోయింది. మా వైపు చెప్పేవాళ్ళు తగ్గించి చెబుతారు, వినేవాళ్ళు పెంచుకుని వింటారు. పాయింట్ కుక్‌లో వినేవాళ్ళు అలా వినరన్నది ఇన్నేళ్ళుగా ఇక్కడుంటూ కూడా నాకు తట్టలేదు.

ఆ శనివారం ఆటలయ్యాక, సాసేజీలు కాల్చే బల్ల దగ్గర పెద్దాయన ప్రకటించాడు. నీలం జట్టు వెళ్తుంది. నీలం పిల్లలు ఎగిరి గంతేశారు. మా పిల్లలు ఎవరి నీళ్లసీసా వాళ్ళు తీసుకుని నేల చూస్తూ నిలబడ్డారు.

“నాకు ముందే తెలుసు,” అన్నాడు మా ఆయన తెలుగులో, పళ్ళు బిగించి. ఆయనది వరంగల్. కోపం వస్తే తెలుగు తప్ప ఇంకేదీ రాదు. “మన పేర్లు జూసి పక్కకు పెట్టిన్రు. ఇంకేముంటది?”

“పిల్ల వింటోంది, ఊరుకో.”

“విననీ. రేపు తెలిసేది ఇయ్యాల తెలుస్తది.”

పిల్ల విన్నది. “నాన్నా, ఈజ్ ఇట్ బికాజ్ వి ఆర్ బ్రౌన్?” అని మామూలు గొంతుతో, వాన పడుతుందా అని అడిగినట్టు అడిగింది.

నేను ఎప్పటినుంచో భయపడుతున్న ప్రశ్న అది. అవునంటే జీవితమంతా ఆ అనుమానం మోస్తుంది. కాదంటే, ఏదో ఒకరోజు నిజంగా అలా జరిగినప్పుడు అమ్మ నాకు అబద్ధం చెప్పిందనుకుంటుంది. నాకు నిజంగా తెలియదు. అందుకని తెలిసినాయన్నే అడుగుదామని దాని చెయ్యి పట్టుకుని పెద్దాయన దగ్గరికి వెళ్ళాను.

ఎందుకు నీలం అన్నానంతే. ఆయన నొచ్చుకోలేదు. టోపీ తీసి, చాలా మెల్లగా చెప్పాడు. నీలం తల్లిదండ్రులందరూ మా పిల్లలు సూపర్, ఎవరినైనా ఓడిస్తారు అన్నారట. పసుపు వాళ్ళకి ఫోన్ చేస్తే ఒక్కరంటే ఒక్కరు కూడా మా వాళ్ళు సిద్ధం అనలేదట. ఇంకా నేర్చుకుంటున్నారు అన్నారట. సొంత అమ్మానాన్నలకే నమ్మకం లేని పిల్లల్ని స్కోరు రాసే పోటీలోకి తోయడం క్రూరత్వం అనిపించిందన్నాడు.

“యూ సెడ్ ఇట్ యువర్‌సెల్ఫ్, లవ్,” అన్నాడు, ఇక్కడి పెద్దవాళ్ళు ఆప్యాయంగా అందరినీ పిలిచినట్టు. “షి ట్రైస్, యూ సెడ్.”

మా అమ్మాయి తలెత్తి నా వైపు చూసింది. నా చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది. విదిలించలేదు. మెల్లగా తీసుకుంది.

కారు ఇంటి మలుపు తిరిగాక వెనక సీట్లోంచి ప్రశ్న వచ్చింది.

“అమ్మా, డిడ్ యూ సే దట్?”

“అన్నాను కన్నా. కానీ అది... అలా అనాలి. మనవాళ్ళని మనం పొగుడుకోకూడదు కదా.”

“సో యూ లైడ్?”

“అబద్ధం కాదమ్మా.”

“దెన్ ఇట్స్ ట్రూ.”

మా ఆయన పక్కకి తిరిగి నన్నొకసారి చూసి మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు.

మా పక్క వీధిలో కడప అక్క ఉంటుంది. వాళ్ళమ్మాయి పసుపు జట్టుకి గోలీ, అంటే గోల్ కాసే పిల్ల. ఆ సాయంత్రం ఆవిడ వచ్చి, సంగతి విని, వంటగది గట్టు పట్టుకుని నవ్వింది.

“నేనూ అట్లనే చెప్తినే! మా పాప ఊరికే గోల్‌లో నిలబడుకోనుంటాది సార్, బంతి వచ్చి దానికే తగుల్తాది అని చెప్తి.”

“అక్కా!”

“మరేం చెప్పాల? మా పాప పులి అని చెప్పాల్నా? నోరెట్లొస్తాది?” కళ్ళు తుడుచుకుని మా ఆయన వైపు తిరిగింది. “అన్నా, నీకూ చేసినాడా ఆయన?”

మా ఆయన ఫ్రిజ్ తెరిచి నీళ్లసీసా తీశాడు. “చేసిండు.”

“ఏం చెప్పినావు?”

“ఏదో... పిల్లలు ఆడుకుంటున్నరు అన్న.”

“పేర్లు చూసి పక్కన పెట్టారని అన్నదెవరో!” అన్నాను.

“నువ్వు జర ఊకో,” అన్నాడు, కానీ నవ్వు ఆపుకోలేకపోయాడు. ముగ్గురం నవ్వుకున్నాం. పక్క గదిలో మా అమ్మాయి నవ్వలేదు.

ఆ వారంలో అది నా మాటని తన మాట చేసుకుంది. స్కూల్లో వేసిన బొమ్మ వాళ్ళ నాన్న మెచ్చుకుంటే, “ఇట్స్ ఓకే ఓన్లీ,” అంది. లెక్కలు ఎలా చేశావంటే, “ఐ యామ్ స్టిల్ లర్నింగ్.” బుధవారం ప్రాక్టీసుకి రానంది. కడుపునొప్పి అంది. నేను పొట్ట మీద చెయ్యి వేస్తే అటు తిరిగి పడుకుంది. ఎవరో నా కూతుర్ని తక్కువ చేసి చూస్తారని ఎనిమిదేళ్ళుగా నేను కాపలా కాస్తున్నాను. కొత్త టీచర్ దాని పేరు పలికే తీరులో, పార్కులో ఇంకో పిల్ల చూసే చూపులో అదే వెతుకుతూ వచ్చాను. అది తనని తక్కువగా చూడటం నేర్చుకున్నది నా నోటినుంచే. నేను దాన్ని ఎంతగా మెచ్చుకుంటానో దానికి తెలుసనుకున్నాను. తెలియదు. ఎలా తెలుస్తుంది? ఆ మెప్పంతా నేను దాని వెనక, నిద్రపోతున్నప్పుడు చెప్పుకున్నదే.

పసుపు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫిర్యాదు చేద్దామని కొందరన్నారు. కావాలంటే రెండు జట్లకీ పోటీ పెట్టమందాం అన్నారు. అక్క ఒప్పుకోలేదు. “ఆ బిడ్డలకి పోతారని చెప్పేసినారు గదా. ఇప్పుడు కాదంటే వాళ్ళు ఏడవరా?” అంది. ఫిర్యాదు సంగతి వదిలేశాం. కానీ నేను మాత్రం ఒకరోజు పిల్లని స్కూల్లో దింపాక క్లబ్బుకి వెళ్ళి పెద్దాయనతో మాట్లాడాను. మా వాళ్ళు పిల్లల గురించి ఎందుకలా చెబుతారో, ఆ మాటల్ని ఎలా వినాలో, నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. వచ్చే ఏడాది తల్లిదండ్రుల్ని అడగవద్దు, తమ పిల్లలెవరూ ఆ జట్లలో లేనివాళ్ళు వచ్చి ఆటలు చూడాలి, ఎవరెవరితో ఆడారో కూడా చూడాలి అన్నాను. ఆయన ఫ్లాస్కు మూత బిగించాడు. ఎక్కువమందిని అడిగితే ఎక్కువ న్యాయం అవుతుందనుకున్నానన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చూస్తే జాలేసింది. తన మనవరాలి మీద ప్రేమని పక్కన పెట్టడానికి ఆయన అంత కష్టపడ్డాడు. మేము మా పిల్లల మీద ప్రేమని దాచిపెట్టడానికి అంతే కష్టపడ్డాం.

పోటీకి ముందు గురువారం సాయంత్రం చపాతీ పిండి కలుపుతున్నాను. అమ్మాయి గట్టు అవతల ఎత్తు స్టూలు మీద కూర్చుని హోంవర్క్ చేస్తోంది. ఫోన్ మోగింది. చేతినిండా పిండి. మోచేత్తో నొక్కి స్పీకర్‌లో పెట్టాను.

పెద్దాయనే. నీలం జట్టు గోలీ పార్కులో పిల్లలు వేలాడే మంకీబార్స్ కమ్మీల మీదనుంచి పడి వేలు విరగ్గొట్టుకుందట. ఒక పిల్ల తక్కువైంది. పసుపు నుంచి ఒకరిని తీసుకుందామనుకుంటున్నాం, మీ అమ్మాయినా, ఆ గోలీ పిల్లనా, ఎవర్ని తీసుకోమంటావు అన్నాడు. వేరే ఎవరినైనా గోల్‌లో నిలబెట్టి మీ అమ్మాయిని మిడిల్‌లో ఆడించవచ్చు కూడా అన్నాడు.

“అండ్ ప్లీజ్,” అన్నాడు, “డోంట్ బీ పొలైట్.”

పెన్సిలు చప్పుడు ఆగిపోయింది.

మా అమ్మాయి తలెత్తలేదు. పుస్తకం వైపే చూస్తోంది. దాని చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఇలాంటప్పుడు వాళ్ళ నాన్న చెవులూ అంతే. మా అమ్మాయి అని ఒక్క మాట అంటే చాలు, శనివారం అది అక్కడ ఉంటుంది. ఇన్నాళ్ళూ దాన్ని తగ్గించి చెప్పాను. ఇప్పుడు పెంచి చెబితే ఎవరడుగుతారు? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ వాళ్ళకి కావలసింది గోలీ. మా జట్టులో గోల్‌లో నిలబడగలిగింది ఎవరో నాకు తెలుసు, నా కూతురికీ తెలుసు. నేను ఏది చెప్పినా అది వింటుంది.

“మీకు కావలసింది గోలీ కదా,” అన్నాను ఇంగ్లీషులో. “ఆ పిల్లని తీసుకోండి. మంచి గోలీ. వాళ్ళమ్మ చెప్పింది నమ్మకండి. బంతి వచ్చి దానికి తగలదు, అది బంతి దగ్గరికి వెళ్తుంది.”

“రైట్ యూ ఆర్,” అన్నాడు. పెట్టేయబోయాడు.

“ఒక్క నిమిషం. నేను ఆరోజు మా అమ్మాయి గురించి చెప్పింది సరిగ్గా చెప్పలేదు.” పిండి చేతులతోనే ఫోన్ దగ్గరికి వంగాను. “నా కూతురు బాగా ఆడుతుంది. వేగం లేదు. కానీ బంతి రాకముందే ఎవరు ఎక్కడున్నారో చూసుకుంటుంది. రెండు జట్లలోనూ ఆ పని చేసే పిల్ల ఇంకొకరు లేరు. నేను ప్రతి వారం చూశాను. అది మీకు తెలియాలని చెబుతున్నాను, తీసుకోమని కాదు.”

“ఐ’వ్ సీన్ ఇట్ టూ,” అన్నాడు.

ఫోన్ పెట్టేశాక నేను పిండి వైపే చూస్తూ కలిపాను. కలిసిపోయిన పిండినే మళ్ళీ కలిపాను. ఇంతలో అక్క ఫోను. “ఏమ్మా! ఏం చెప్పినావు ఆయనకి? మా పాపని రమ్మంటున్నాడు!” అని ఒకటే అరుపు. ఆ వెంటనే గొంతు తగ్గించి, “మీ పాపో?” అంది. మళ్ళీ మాట్లాడతానక్కా అని పెట్టేశాను.

“బాధగా ఉందా?” అని అడిగాను మా అమ్మాయిని.

“ఐ డోంట్ ఈవెన్ వాంట్ టు బీ గోలీ,” అంది. కింది పెదవిని పంటితో నొక్కి పట్టుకుంది. నేను చెయ్యి కడుక్కుని దగ్గరికి వెళ్ళబోయేలోపే మళ్ళీ అంది, ఈసారి తెలుగులో. “నువ్వు ఎప్పుడు చూశావ్?”

“ఏంటి?”

“నేను చూడడం. బాల్ రాకముందు.”

“ప్రతిసారీ చూశాను. ఆ చెట్లున్న గ్రౌండ్‌లో ఎర్రచొక్కాల వాళ్ళతో ఆడారే, ఆరోజు...”

మాటల్లో చెప్పడం నాకు చేతకాలేదు. బుట్టలోంచి ఉల్లిపాయలు తీసి గట్టు మీద పెట్టాను. ఇది నువ్వు. ఇదిగో, ఇది గోల్, ఈ గిన్నె. ఇద్దరు పెద్ద పిల్లలు నీ మీదికి వస్తున్నారు. నువ్వు ఒకసారి ఇటు చూశావు, ఒకసారి వెనక్కి చూశావు. అప్పుడింకా బంతి నీ దగ్గర లేదు. ఈ చివర మన పిల్ల ఒక్కతే ఉంది, ఎవరూ చూడలేదు, నువ్వు చూశావు.

అది స్టూలు మీద మోకాళ్ళ మీదికి లేచి, గట్టు మీదికి వంగి చూసింది.

“నో, అమ్మా. షి వాజ్ నాట్ దేర్.”

“అక్కడే ఉంది.”

“కాదు. హియర్.” ఆ ఉల్లిపాయని తీసి గిన్నెకి దగ్గరగా పెట్టింది. “అందుకే నేను లాంగ్ కొట్టలేదు. స్లోగా కొట్టాను. సీ?”

“ఓహో. నాకు ఆ స్లో సంగతి తెలియలేదు.”

“యూ హావ్ టు వాచ్ ప్రాపర్లీ,” అంది, ఇంకో రెండు ఉల్లిపాయలు బుట్టలోంచి తీస్తూ. “ఓకే. ఇప్పుడు సెకండ్ గోల్. నువ్వు వాళ్ళ గోలీ. ఇక్కడ నిలబడు.”

నిలబడ్డాను.